జాతే అంతండి

తాడేపల్లిగూడెంలో మా కుక్కకి మేం తిండి పెడుతున్నామా లేదా అని అడగని మనిషి లేడు. పాలు పోసేవాడు అడిగాడు. కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడు అడిగాడు. రైల్వే గేటు పడితే స్కూటర్లు ఆపుకుని నిలబడ్డవాళ్ళు అడిగారు. మేమెవరమో తెలీదు, ముక్కూ మొహం ఎరగరు, అయినా సరే, "ఏవండీ, ఏం జాతండీ ఇది? మరీ ఎముకలు కనపడిపోతన్నాయి, ఏవన్నా పెడతన్నారా?" అని ఒకటే జాలి. నాకు ఒళ్ళు మండిపోయేది. మీ సొమ్మేం తిందండీ అది, అని నోటిదాకా వచ్చేది. మా నాన్నకి మాత్రం ఆ ప్రశ్న వింటే పండగ. పొద్దున్నే దాన్ని షికారుకి తీసుకెళ్ళేది దాని కోసమో, అడిగేవాళ్ళ కోసమో నాకిప్పటికీ అనుమానమే.

"జాతే అంతండి," అని మొదలుపెట్టేవారు నాన్న, తాడు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని. "ఇది వేట కుక్కండి. మహారాష్ట్ర వైపుది. కుందేళ్ళని తరమాలంటే నడుం సన్నంగా ఉండొద్దాండీ? ఆ కాళ్ళు చూడండి, ఆ ఛాతీ చూడండి. మన ఊరకుక్కల్లాగా దీనికి ఒళ్ళు రాదండి. ఎంత పెట్టినా అంతే." అవతలివాళ్ళు "ఓహో" అనేవారు. కొందరు ఓ అడుగు వెనక్కి వేసి దాన్ని గౌరవంగా చూసేవారు. ఎవరన్నా, "ఎప్పుడన్నా కుందేల్ని పట్టిందాండీ?" అని అడిగితే, "గూడెంలో కుందేళ్ళేవండీ?" అనేవారు నాన్న, ఉంటే ఈపాటికి పట్టేసినట్టే.

ఆ ఒక్క మాట గురించే ఇదంతా రాస్తున్నాను. ఒక కుక్క బక్కగా ఉండడానికి కారణం జాతా, ఇంకోటా అన్నది లోకంలో ఎవరికీ పట్టని సంగతి. కానీ పోయేముందు మా నాన్నకి మిగిలిన పట్టింపు అదొక్కటే. కడుపులో గడ్డ గురించి కూడా ఆయన అంత బెంగ పెట్టుకోలేదు.

మాది ఉల్లిపాయల కొట్టు. మహారాష్ట్ర నుంచి సరుకు లారీల మీద వచ్చేది. రెండు వేల సంవత్సరం ప్రాంతంలో ఓ లారీలోంచి బస్తాలతోపాటు ఈ కుక్క కూడా దిగింది. అప్పటికింకా పిల్లే, కాళ్ళు మాత్రం ఒంటికి మించిన పొడుగు. డ్రైవరు, "షికారీ కుత్తా, సేట్," అన్నాడు. మళ్ళీ వచ్చే లోడుతో వచ్చినప్పుడు ఎక్కించుకుపోతానని సైగలు చేసి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఆ ఒక్క ముక్క మీద నాన్న పెద్ద కోటే కట్టారు. మా వంశంలో కోడిపిల్లని తరిమినవాళ్ళు కూడా లేరు, అలాంటిది మా గుమ్మంలో వేట కుక్క! దానికి పేరంటూ ఏమీ పెట్టలేదు. "అమ్మడూ" అని పిలిచేవారు, చిన్నప్పుడు నన్ను పిలిచినట్టే. అప్పటికి డిగ్రీ అయి నేనూ కొట్లోనే కూచునేదాన్ని. ఆయన కేకేస్తే ఇద్దరం ఒకేసారి తలెత్తేవాళ్ళం.

మేం వైశ్యులం. మా ఇంట్లో గుడ్డు మాట వినపడితేనే అమ్మ చెవులు మూసుకుంటుంది. అందుకని కుక్కకి పొద్దున పెరుగన్నం, రాత్రి పప్పన్నం. పప్పన్నంలో నెయ్యి. "మనం ఏం తింటే అదే దానికీ," అని నాన్న పదిమందిలో గర్వంగా చెప్పేవారు, అందులో అబద్ధమేమీ లేదు. ఇంట్లో అన్నం తక్కువైన పూట అమ్మ తను మజ్జిగ తాగి పడుకుందిగానీ దానికి పెట్టకుండా మానలేదు. పెట్టింది పెట్టినట్టు తినేసి, పళ్ళాన్ని నాకి నాకి గుమ్మందాకా ఈడ్చుకొచ్చేది. "చూశారా, కడగక్కర్లేదు, తళతళలాడిపోతోంది," అని అమ్మ మురిసిపోయేది. మేమూ మురిసిపోయేవాళ్ళం.

ఓసారి పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళాం. బయట గేదెల వరస. ఆ హడావుడిలోనే డాక్టరుగారు దాని కళ్ళు చూసి, పొట్ట నొక్కి చూసి, "రోగమేం లేదండి. రోజూ ఓ గుడ్డు పెట్టండి," అన్నారు. నాన్న ఏదో చిన్నపిల్లాడి మాట విన్నట్టు నవ్వి, "జాతే అంతండి," అని డాక్టరుగారికే చెప్పారు. దారిలో నాతో, "ఆయనకి గేదెల సంగతి తెలుసేగానీ వేట కుక్కల సంగతి ఏం తెలుసే?" అన్నారు. "వేట కుక్క అంటే మాంసం తినేదేమో కదా నాన్నా?" అన్నాను. "ఏం, ఆ వైపు మార్వాడీలు లేరా? వాళ్ళిళ్ళల్లో కుక్కలు లేవా? అవి బతకట్లేదా?" అన్నారు. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. నేనూ అక్కడితో వదిలేశాను.

ఇంకోసారి చేపల బజారు పక్కనుంచి వస్తుంటే అది తాడు తెంచుకున్నంత పని చేసి, కింద పడున్న చేప తలకాయొకటి నోట కరుచుకుంది. నాన్న "ఛీ ఛీ, కక్కు, కక్కు" అని నడిరోడ్డు మీద దాని దవడలు విడదీసి, లాగి మురుక్కాలవలో పడేశారు. ఇంటికొచ్చాక అమ్మ చెంబుడు పసుపు నీళ్ళతో దాని నోరు కడిగింది. నేను తల పట్టుకున్నాను. అది మూలగలేదు, కరవలేదు, బుద్ధిగా నిలబడి కడిగించుకుంది. మర్నాడు షికారుకి తాడు తియ్యగానే చేపల బజారు వైపే లాగింది. ఆ రోజు నుంచి నాన్న దారి మార్చేశారు.

మార్చిన దారి కాలువ గట్టు. అక్కడ పొద్దున్నే ఒక రిటైరైన మాస్టారు నడకకొచ్చేవారు. ఆయనకి రోజూ మా కుక్కని పలకరిస్తేగానీ పొద్దు గడవదు.

"ఏవండీ షావుకారుగారూ, ఇవాళన్నా పెట్టారా దానికి?"

"జాతే అంతండి మాస్టారూ."

"ఏం జాతండీ బాబూ, కరువు జాతా?"

ఇద్దరూ పకపకా నవ్వుకునేవారు. మాస్టారు అడగడం మానలేదు, నాన్న చెప్పడం మానలేదు. వేట కుక్క నడుం ఎందుకు సన్నంగా ఉంటుందో ఆయనకి కంఠతా వచ్చేసి ఉంటుంది. కొన్నాళ్ళకి ఆయన కుక్కని వదిలేసి నాన్నని చూడ్డం మొదలెట్టారు. "మీరేంటండీ, మీరూ దాని జాతిలో కలిసిపోతున్నారు?" అన్నారొకరోజు. నాన్న చొక్కా అప్పటికే భుజాల మీద వేలాడుతోంది. "ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు కదండీ," అన్నారు నాన్న. ఆ పొద్దున నేనూ వెంట ఉన్నాను. నేనూ నవ్వాను.

ఏలూరు ఆస్పత్రిలో పరీక్షలన్నీ అయ్యాక అక్కడి డాక్టరుగారు నాన్నని బయట కూచోబెట్టి, అమ్మనీ నన్నూ లోపలికి పిలిచారు. కడుపులో గడ్డ బాగా ముదిరిపోయిందనీ, కొయ్యడానికి వీల్లేదనీ చెప్పారు. నొప్పి తెలీకుండా చూడ్డం తప్ప చేసేదేం లేదన్నారు. అమ్మ, "పథ్యం ఏవన్నా ఉంటుందాండీ?" అని అడిగింది. "ఏది తినగలిగితే అది పెట్టండమ్మా," అన్నారాయన. బయటికొస్తే నాన్న బెంచీ మీద పక్కనున్న ఎవరికో వేట కుక్కల గురించి చెబుతున్నారు.

ఆయనకి ఎవరం చెప్పలేదు, ఆయనే తెలుసుకున్నారు. తెలిశాక అడిగింది ఒక్కటే. "దాన్ని ఎవరికన్నా అప్పగించాలే. మీరిద్దరూ నన్ను పట్టుకుని ఏలూరు తిరుగుతుంటే అది కొట్లో ఒక్కత్తీ మూలుగుతూ పడి ఉంటోంది. నేనుండగానే దానికో చోటు చూడాలి." అప్పటికి ఆయన గడప దాటి నడవలేకపోతున్నారు. కుక్కని చూడ్డానికొచ్చేవాళ్ళందరికీ జాతి సంగతి చెప్పే పని నా నెత్తిన పడింది.

ఇన్నేళ్ళూ దాని మీద అంత జాలిపడ్డ ఊరు కదా, ఎవరో ఒకరు ముందుకొస్తారనుకున్నాను. వచ్చారు, చూశారు, వెళ్ళారు. పెళ్ళిచూపులు కూడా ఇంత అన్యాయంగా ఉండవు. ఒకాయన, "మొరుగుతుందాండీ?" అన్నాడు. మొరగదండి, వేట కుక్క కదా అన్నాను. మొరగని కుక్క నాకెందుకండీ అని వెళ్ళిపోయాడు. ఇంకొకావిడ దాని తల నిమిరి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేసి, "మా ఇంటి ముందు కడితే మేమే తిండి పెట్టట్లేదనుకుంటారమ్మా," అంది. మరి మమ్మల్నేమనుకున్నారండీ ఇన్నాళ్ళూ, అని అడిగేశాను. ఆవిడ మొహం మాడ్చుకుని చెప్పులేసుకుంది. "నీ నోటి దురుసుతో ఉన్న ఒక్క బేరమూ చెడగొట్టావు," అని అమ్మ నన్ను తిట్టింది. ప్రతివాళ్ళు వెళ్ళగానే నాన్న లోపల మంచం మీంచి, "జాతి సంగతి సరిగ్గా చెప్పావా?" అని అడిగేవారు.

ఆఖరికి అడిగినవాడు కొల్లేరు నుంచి వచ్చిన మనిషి. అక్కడ చేపల చెరువు చేస్తాడు. చేపల మేతకి తవుడు కావాలి కాబట్టి మా గూడెం రైస్‌మిల్లులకి లారీ వేసుకొచ్చేవాడు. వెళ్తూ వెళ్తూ మా కొట్లో ఉల్లిపాయలు కొనుక్కునేవాడు. కుక్కని ఇస్తున్నామని విని ఇంటికొచ్చాడు. నేను నా పాఠం మొదలెట్టగానే, "ఏ జాతైతే నాకెందుకండి అమ్మాయిగారూ, పరిగెడతాదాండి?" అన్నాడు. నీటికాకులు గుంపులుగా వాలి చేపపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయట, గట్టు మీద అటూ ఇటూ పరిగెట్టి వాటిని లేపే కుక్క కావాలట.

నాన్న అతన్ని లోపలికి పిలిపించుకున్నారు. జాతి వినకుండా ఎలా తీసుకెళ్తాడు? గోడకి చేరగిలబడి, ఆయాసపడుతూ, మధ్యమధ్య ఆగుతూ మొత్తం చెప్పారు. మహారాష్ట్ర, కుందేలు, నడుం, ఛాతీ. అతను తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడి "ఆయ్, ఆయ్" అంటూ విన్నాడు.

"ఎంత పెట్టినా ఒళ్ళు రాదండి. రావట్లేదని మానెయ్యకండి," అన్నారు నాన్న.

"ఆయ్, అలాగేనండి షావుకారుగారూ."

లారీలో వచ్చింది లారీలోనే వెళ్ళింది, తవుడు బస్తాల మీద నిలబడి. మేం ఏడుస్తున్నాం. అది మాత్రం గాలి వాసన చూస్తూ ముందుకే చూసింది.

ఆ తర్వాత నెలల్లో నాన్న మంచానికే అంటుకుపోయారు. ఇంక ఏలూరు తీసుకురానక్కర్లేదని ఆస్పత్రిలో చెప్పేశారు. గ్లాసుడు జావ తాగడానికి పూటంతా పట్టేది. మెలకువగా ఉన్నంతసేపూ కుక్క ధ్యాసే. "అక్కడ పెరుగు దొరుకుతుందో లేదో. ఎంత చిక్కిపోయిందో. ఇక్కడంటే నెయ్యి పడేది." రోజూ ఇదే. విని విని అమ్మ ఒక పొద్దున స్టీలు క్యారేజీ నిండా పెరుగన్నం కలిపి, నా చేతికిచ్చి, "ఓసారి వెళ్ళి పెట్టొచ్చెయ్యి. ఆయన ప్రాణం కుదుటపడుతుంది," అంది. నాన్న క్యారేజీ మూత తీయించి చూసి, ఇంకాస్త పెరుగు వేయమన్నారు.

ఏలూరులో బస్సు మారి, తర్వాత ఆటో ఎక్కి, ఆటో వెళ్ళలేని చోట దిగి గట్టు మీద నడిచాను. ఎటు చూసినా చెరువులే, నీళ్ళ మీద ఎండ, చేపల కంపు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. దూరంగా నీటికాకులు గుప్పున లేచాయి. వాటి కింద గట్టు మీద ఒక కుక్క ఉరుకుతోంది. మెడ దిట్టంగా ఉంది, పక్కలు నిండుగా ఉన్నాయి, ఒళ్ళు నూనె రాసినట్టు మెరుస్తోంది. భలే ఉందే కుక్క, ఇది ఏ జాతో అనుకున్నాను. అది నన్ను చూసి దారి మళ్ళి, వచ్చి నా మీద రెండు కాళ్ళూ వేసింది.

"ఇది మా కుక్క కాదండి," అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

చెరువతను నవ్వాడు. "అదేనండి అమ్మాయిగారూ. ఒళ్ళు చేసింది కదండి, గుర్తుపట్టలేకపోతన్నారు."

"ఏం పెడుతున్నారు?"

"ఏవుందండి ఇక్కడ, చేపలేనండి. ఇన్ని చేపలు ఉడకేసి, ఇంత అన్నంలో కలిపి పడేస్తన్నాం. మొదట్లో దాన్ని పట్టలేకపోయావండి బాబూ, గిన్నెతో సహా మింగేసేలా ఉండేది. ఇప్పుడు నిమ్మళించింది." అని దాని వీపు మీద చరిచి, "నాన్నగారికి చెప్పండి, జాతి మంచిదేనండి," అన్నాడు. పాపం, అతనికి నన్ను సంతోషపెట్టాలని.

క్యారేజీ తీసి ముందు పెట్టాను. అది వాసన చూసింది. నా మొహంలోకి చూసింది. మాట తీసెయ్యలేనట్టు ఒకసారి నాలుక పెట్టి, నా చెయ్యి నాకి, మళ్ళీ కాకుల వెంట పడింది.

గట్టు మీద కూచుని ఏడ్చాను. సంతోషించాల్సిన మాటకి ఏడుపొచ్చింది. పశువుల డాక్టరుగారు ఒక్క ముక్కలో చెప్పారు. ఊళ్ళో దారినపోయే ప్రతివాళ్ళూ ఆపి మరీ చెప్పారు. అది కూడా చేపల బజారు వైపు లాగి తనకి తెలిసిన విధంగా చెప్పింది. మేం మాత్రం దాని నోరు పసుపు నీళ్ళతో కడిగాం. నెయ్యి వేసి మరీ మాడ్చాం దాన్ని.

బస్సులో వస్తూ చెప్పాల్సింది సిద్ధం చేసుకున్నాను. "అలాగే ఉంది నాన్నా. పెరుగన్నం మొత్తం తినేసింది." అంతే, ఇంకో మాట వద్దు. కానీ క్యారేజీ నిండా అన్నం అలాగే ఉంది. చెరువులో చేపలకి వేసినా పోయేది, దారిలో ఏ ఆవుకి పెట్టినా పోయేది. అన్నం ఎక్కడా వదిలి రాకూడదని మా ఇంట్లో పెంచిన పెంపకం. చేతిలో అలా పట్టుకుని ఇంటికొచ్చేశాను. అమ్మ అందుకుని, "ఇదేంటే, బరువలాగే ఉంది? తినలేదా?" అని గట్టిగా అనేసింది. నాన్న మంచం ఆ గదిలోనే.

"చిక్కిపోయి ఉంటుంది," అన్నారు నాన్న. "జబ్బు చేసిందా? తిండి మానేసిందా?"

ఆయన కళ్ళల్లో ఆ భయం చూస్తూ సిద్ధం చేసుకున్నది చెప్పలేకపోయాను. తిండి మానేసిందనుకుంటూ ఆయన ఇంక ఎన్ని రాత్రులు పడుకోవాలి?

"లేదు నాన్నా. బాగుంది. ఒళ్ళు చేసింది."

"ఒళ్ళు చేసిందా?"

"ఊఁ."

"ఎముకలు?"

"కనపడట్లేదు."

"చేపలు పెడుతున్నాడా?"

"ఊఁ."

అమ్మ క్యారేజీ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"అయితే అన్నేళ్ళూ ఆకలేనన్నమాట," అన్నారు నాన్న.

"అక్కడి నీళ్ళు పడుంటాయి నాన్నా, గాలి మార్పు..." అంటున్నాను. చెయ్యెత్తి ఆపారు.

"ఊరంతా చెప్పారు కదే, అమ్మడూ," అన్నారు.

ఆ తర్వాత కుక్క మాట ఆయన నోట రాలేదు. అడిగి అడిగి నన్ను విసిగించిన మనిషి అడగడం మానేస్తే ఇంట్లో ఉండలేకపోయాం. చూడ్డానికొచ్చినవాళ్ళు, "అయ్యో, ఎంత చిక్కిపోయారండీ," అంటే కళ్ళు మూసుకునేవారు. ఒక సాయంత్రం మాస్టారొచ్చారు. స్టూలు మీద కూచుని, నాన్న చేతులు చూసి, మొహం చూసి, ఏం మాట్లాడాలో తోచక అవస్థ పడ్డారు. చివరికి నాన్నకి ఎప్పుడూ ఇష్టమైన కబురే ఎత్తుకున్నారు.

"అన్నట్టు షావుకారుగారూ, మీ కుక్క ఏం జాతన్నారూ? మొన్న మా అల్లుడు అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను."

నేను కాఫీ గ్లాసుతో గుమ్మంలో ఆగిపోయాను. నాన్న గొంతు సర్దుకున్నారు.

"జాతేం కాదండి మాస్టారూ. మీరన్నదే నిజం. దానికి కడుపు నిండా పెట్టలేదండి మేం."

మాస్టారు బిత్తరపోయి నా వైపు చూశారు. వెంటనే స్టూలు ముందుకి జరుపుకుని, నాన్న చెయ్యి పట్టుకున్నారు. "అబ్బెబ్బే, భలేవారే! ఏం మాటలండీ అవి? అది వేట కుక్కండి. మహారాష్ట్ర వైపుది. కుందేళ్ళని తరమాలంటే నడుం సన్నంగా ఉండొద్దాండీ? దానికి ఒళ్ళు రాదండి. ఎంత పెట్టినా అంతే. జాతే అంతండి."

నాన్న మొత్తం విన్నారు. గేటు దగ్గర స్కూటరాపుకున్నవాళ్ళు ఎలా వినేవారో అలాగే, మధ్యలో అడ్డు తగలకుండా విన్నారు.

"ఓహో," అన్నారు. అని, గోడవైపు తిరిగి పడుకున్నారు.